గురుపీఠానికి వారసులు – ధర్మశాస్త్ర విద్యాలయాల్లో యువ ఆచార్యుల తర్ఫీదు

ఆలూరు ప్రాంతంలో ఒక ముస్లిం రైతు 24 ఎకరాల నల్లరేగడి పొలం వదలి మరణించాడనుకుందాం. అతనికి భార్య, ఒక కుమారుడు, ఒక కుమార్తె ఉన్నారు. ఖనన సంస్కారాల ఖర్చు, అప్పులు, వసీయతు ఏదైనా ఉంటే అదీ తీరిన పిమ్మట భార్యకు ఎనిమిదవ వంతు, అనగా 3 ఎకరాలు చెందుతాయి. మిగిలిన 21 ఎకరాలలో కుమారునికి రెండు పాళ్ళు, కుమార్తెకు ఒక పాలు. కుమారునికి 14, కుమార్తెకు 7 ఎకరాలు. దివ్య ఖురాన్ నిర్ణయించిన ఈ వాటాల లెక్కను మదరసాలో ఫరాయిజ్ చదివిన విద్యార్థి ఎవరైనా వేయగలడు.

అయితే అన్న వాటా ఇవ్వనంటే, ఆ కుమార్తె ఆలూరు కోర్టు మెట్లెక్కవలసి వస్తే, ఈ లెక్క ఒక్కటే చాలదు. 1937 నాటి షరీఅత్ వర్తింపు చట్టం ముస్లింల వారసత్వానికి షరీఅత్‌నే ప్రమాణం చేసింది గాని, వ్యవసాయ భూమిని అందులో నుంచి మినహాయించింది. ఆ మూల చట్టం చదివి అక్కడే ఆగిపోయిన వకీలు, "పొలానికి ఈ చట్టం వర్తించదమ్మా" అని ఆమెను వెనక్కి పంపే ప్రమాదం ఉన్నది. కాని మద్రాసు రాష్ట్ర శాసనసభ 1949లో ఆ చట్టాన్ని సవరించి, తన పరిధిలో ఆ మినహాయింపును తొలగించింది. నాడు ఆలూరు, ఆదోని తాలూకాలు బళ్ళారి జిల్లాలో, మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు అవి కర్నూలు జిల్లాలో చేరాయి. మద్రాసు సవరణ కూడా వాటితో పాటే వచ్చింది. ఆ తల్లి 7 ఎకరాలు నిలవడం, పోవడం ఈ సంగతి తెలిసిన వకీలు దొరకడం మీద ఆధారపడి ఉన్నది.

ఆ వకీలుకు ఈ సంగతి చెప్పవలసినవాడు న్యాయ కళాశాలలోని అధ్యాపకుడు. ఫిఖహ్ గ్రంథాలు, దేశ చట్టాలు, ప్రాంత చరిత్ర – ఈ మూడూ కలిపి చదివిన అధ్యాపకుడు తనంతట తాను పుట్టుకురాడు. అతని చిన్న వయసులో ఎవరో అతనిలోని ప్రతిభను గుర్తించి, తిండికి లోటు లేకుండా చూచి, తప్పు చేసినప్పుడు సరిదిద్ది, చివరకు పీఠం మీద కూర్చోబెట్టి ఉంటారు. ఆ పని ఎలా జరిగేది, ఎక్కడ ఆగిపోయింది, నేడు ఎలా సాగవలసి ఉన్నది అన్నదే ఇక్కడి విషయం.

యువకులకు పెద్దల సభలో చోటు

ఇస్లాం తొలి దినాల నుంచే ఈ విషయమై స్పష్టమైన ఆదర్శం ఉన్నది. మహాప్రవక్త (స) హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి)ను యెమెన్‌కు పంపేటప్పుడు ఆయన ఇంకా యువకుడే. తీర్పు ఎలా చెబుతావని ప్రవక్త (స) ఆయనను ముందే ప్రశ్నించారు. ఖురాన్‌తో, అందులో దొరకకపోతే సున్నత్‌తో, అందులోనూ దొరకకపోతే తన ఆలోచనా శక్తినంతా వినియోగించి చెబుతానని ముఆజ్ (రజి) జవాబిచ్చారు. ఆ జవాబుకు ప్రవక్త (స) సంతోషించిన సంగతి హదీసు గ్రంథాలలో ప్రసిద్ధమైనది. బాధ్యత అప్పగించే ముందు పరీక్షించడం, పరీక్షలో నెగ్గినవానికి స్వతంత్రంగా ఆలోచించే అధికారం ఇవ్వడం అన్న రెండు సూత్రాలు అందులో ఉన్నాయి.

హజ్రత్ ఉమర్ (రజి) తన సలహా సభలో బద్ర్ యోధులైన వృద్ధుల సరసన యువకుడైన ఇబ్న్ అబ్బాస్ (రజి)కు చోటిచ్చారు. మా కుమారులు కూడా ఈ వయసువారే గదా అని కొందరు అభ్యంతరం చెప్పారు. ఖలీఫా వాదనకు దిగక, అందరి ఎదుట ఒక ఖురాన్ సూరా భావాన్ని గురించి అడిగారు. ఇబ్న్ అబ్బాస్ (రజి) చెప్పిన సమాధానంతో అభ్యంతరం దానంతట అదే తీరిపోయింది. యువకుని అర్హతను పెద్దలు తమ మాటతో నిరూపించలేదు. అతడే నిరూపించుకొనే అవకాశం కల్పించారు.

కూఫా పాఠశాల

ఈ ఆదర్శం ఒక పద్ధతిగా రూపుదిద్దుకొన్న స్థలం ఇరాక్‌లోని కూఫా నగరం. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) హిజ్రీ 80 (క్రీ.శ. 699)లో జన్మించి, 150 (767)లో పరమపదించారు. ఆయన వృత్తి పట్టు బట్టల వర్తకం. ఆదోని, ఎమ్మిగనూరు బజార్లలో గుడ్డల వ్యాపారం చూచినవారికి ఆ వృత్తిలోని బేరసారాలు, అరువులు, భాగస్వామ్యాలు తెలియనివి కావు. ఆ అనుభవమంతా ఆయన ధర్మశాస్త్ర చర్చలలో కనబడుతుంది.

ఆయన గురువు హమ్మాద్ బిన్ అబీ సులైమాన్ (మ. హి. 120). సుమారు పది సంవత్సరాలు చదివిన తరువాత అబూ హనీఫాకు తాను వేరుగా పాఠం చెప్పాలన్న కోరిక కలిగింది. ఇంతలో హమ్మాద్ ఊరికి వెళ్ళవలసి వచ్చి, తన స్థానంలో శిష్యుని కూర్చోబెట్టారు. గురువు తిరిగి రావడానికి రెండు నెలలు పట్టింది. ఈలోగా తాను గురువు నోట ఎన్నడూ వినని ప్రశ్నలు 60 వచ్చాయి. అబూ హనీఫా వాటికి సమాధానాలు చెప్పి, ప్రతి ఒక్కటీ రాసిపెట్టుకొని, గురువు రాగానే ఆయన ముందుంచారు. హమ్మాద్ 40 సమాధానాలను ఒప్పుకొని, 20 సమాధానాలతో విభేదించారు. ఆనాడే అబూ హనీఫా, గురువు జీవించి ఉన్నంత కాలం ఆయన పాఠశాలను వదలనని నిర్ణయించుకొన్నారు. ఆ విధంగా ఆయన శిష్యరికం మొత్తం 18 సంవత్సరాలు సాగిందని చరిత్రకారులు చెబుతారు.

ఈ సంఘటనలో గురువు చేసిన పని గమనార్హం. ఆయన శిష్యుని కోరికను ఖండించలేదు. బోధించే అవకాశం ఇచ్చారు. తరువాత ఒక్కొక్క సమాధానాన్నీ కూర్చొని పరిశీలించారు. మూడింట ఒక వంతు తప్పు వచ్చిందన్న సంగతి శిష్యునికి అవమానంగా మారలేదు, మరో ఎనిమిదేళ్ళ చదువుకు కారణమయింది.

అబూ యూసుఫ్ కథ

ఇదే ధోరణిని అబూ హనీఫా తన శిష్యుల విషయంలో కొనసాగించారు. వారిలో ప్రథముడు అబూ యూసుఫ్ (హి. 113–182). ఆయనది చాలా బీద కుటుంబం. కొడుకు నాలుగు డబ్బులు సంపాదించాలని ఇంటివారు అతనిని పాఠశాల నుంచి మానిపించారు. కొన్నాళ్ళు కనబడకపోయేసరికి ఇమామ్ కారణం విచారించి, నూరు దిర్హములున్న సంచి చేతిలో పెట్టి, ఇవి అయిపోతే చెప్పమన్నారు. అయిపోయాయని చెప్పవలసిన అవసరం శిష్యునికి ఎన్నడూ రాలేదట. అంతకు ముందే మరొక సంచి అందేది. వర్తకంలో వచ్చిన లాభంలో విద్వాంసుల, విద్యార్థుల పోషణకు ఆయన ఒక భాగాన్ని ప్రత్యేకించేవారు.

ఆ శిష్యుడే కొంతకాలానికి పిందెలోనే పండినట్టు తొందరపడి సొంత పాఠశాల పెట్టుకొన్నాడు. ఇమామ్ కోపించలేదు, మనిషిని పంపి ఒక ప్రశ్న అడిగించారు. ఒకడు బట్ట ఉతికి చలువ చేసి ఇమ్మని ఒక పనివానికి ఇచ్చాడు. తిరిగి అడిగినప్పుడు, నీ బట్ట నా దగ్గర లేదని ఆ పనివాడు బొంకాడు. మళ్ళీ కొన్నాళ్ళకు తానే ఆ బట్టను ఉతికి తెచ్చి ఇచ్చాడు. అతనికి కూలి ఇవ్వవలసి ఉన్నదా? అబూ యూసుఫ్ ఇవ్వాలన్నారు. తప్పు అని వచ్చినవాడు అన్నాడు. అయితే ఇవ్వనక్కరలేదన్నారు. అదీ తప్పే అన్నాడు. అబూ యూసుఫ్ వెంటనే లేచి గురువు వద్దకు వెళ్ళారు. ఇమామ్ వివరించారు: బొంకక ముందే ఉతికి ఉంటే యజమాని కోసం ఉతికినట్టు, కాబట్టి కూలి చెందుతుంది. బొంకిన తరువాత ఉతికితే, బట్టను తనదిగా చేసుకొన్నాక తన కోసమే ఉతుక్కొన్నట్టు, కాబట్టి కూలి లేదు.

రెండు ముక్కల్లో చెప్పగలిగిన ఈ వివరణలో న్యాయశాస్త్ర బోధన అంతా ఉన్నది. తీర్పు చెప్పే ముందు, ఏ పని ఎప్పుడు జరిగిందని అడగడం నేర్చుకోవాలి. గ్రంథాలన్నీ కంఠస్థం చేసినవానికి కూడా ఈ అలవాటు గురువు పక్కన కూర్చుంటేనే పట్టుబడుతుంది. అబూ యూసుఫ్ తిరిగి శిష్యుల వరుసలో కూర్చున్నారు. ఆయనే తరువాత అబ్బాసీ ఖలీఫా హారూన్ రషీద్ కాలంలో ప్రధాన ఖాజీ అయ్యారు. భూమి శిస్తుపై కితాబుల్ ఖరాజ్ అనే ప్రసిద్ధ గ్రంథం రచించారు.

గురువుతో విభేదించే హక్కు

కూఫా పాఠశాలలో పాఠం ఉపన్యాసంగా సాగేది కాదు. ఒక సమస్య ముందుంచి, శిష్యులందరినీ వాదించనిచ్చి, ఒక్కొక్కసారి రోజుల తరబడి చర్చ జరిగిన తరువాతనే నిర్ణయాన్ని రాయించేవారు. తాను చెప్పిన ప్రతి మాటనూ రాసుకోవద్దనీ, నేటి అభిప్రాయాన్ని రేపు మార్చుకోవచ్చుననీ ఇమామ్ శిష్యులను హెచ్చరించేవారు. దాని ఫలితంగా హనఫీ ఫిఖహ్ గ్రంథాలలో గురువు అభిప్రాయం పక్కనే ఇద్దరు ప్రధాన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ షైబానీల భిన్నాభిప్రాయాలు గౌరవంగా నమోదయ్యాయి. కొన్ని ముఖ్య విషయాలలో ఫత్వా శిష్యుల మాట మీదనే ఉన్నది.

ఆలూరు రైతులకు బాగా తెలిసిన ఉదాహరణ ఒకటి ఉన్నది. భూమి ఒకరిది, సేద్యం ఒకరిది, పండినదానిలో పాళ్ళు పంచుకొనే కోరు పద్ధతిని ఫిఖహ్‌లో ముజారఅత్ అంటారు. పంట ఎంత వస్తుందో ముందు తెలియదు గనుక ఇమామ్ అబూ హనీఫా దీనిని అంగీకరించలేదు. శిష్యులిద్దరూ ప్రజల అవసరాన్ని, వాడుకను చూచి కొన్ని షరతులతో అనుమతించారు. హనఫీ విద్వాంసులు శిష్యుల అభిప్రాయాన్నే ఫత్వాగా స్వీకరించారు.

వక్ఫ్ విషయం మరింత ముఖ్యమైనది. వక్ఫ్ చేసినవాడు సాధారణంగా దానిని తిరిగి తీసుకోగలడని ఇమామ్ అభిప్రాయం. ఖాజీ తీర్పు వంటివి ఉంటేనే అది కట్టుబాటవుతుంది. అబూ యూసుఫ్ కూడా మొదట ఆ అభిప్రాయంలోనే ఉండి, మదీనాలో సహాబీలు చేసిన వక్ఫులు తరతరాలుగా నిలిచి ఉండడం చూచిన తరువాత మార్చుకొన్నారని చెబుతారు. నోటితో ప్రకటించగానే వక్ఫ్ శాశ్వతంగా నిలుస్తుందని ఆయన తీర్మానించారు. భారత న్యాయస్థానాలు ఎక్కువగా అనుసరించినది అబూ యూసుఫ్ అభిప్రాయాన్నే. గురువు మాట మీరరాదని ఆ పాఠశాల నియమం పెట్టి ఉంటే, ఊరూరా మసీదులకు, ఖబ్రస్తాన్‌లకు ఉన్న భూముల న్యాయపునాది వేరుగా ఉండేది.

షైబానీ, ఆయన దూరదేశపు శిష్యుడు

ముహమ్మద్ బిన్ హసన్ షైబానీ (హి. 132–189) చిన్న వయసులో అబూ హనీఫా వద్ద చేరారు. ఇమామ్ మరణించే నాటికి ఆయనకు 18 సంవత్సరాల వయసు. మిగిలిన చదువు అబూ యూసుఫ్ వద్ద సాగింది. అంతటితో తృప్తి చెందక మదీనా వెళ్ళి ఇమామ్ మాలిక్ (రహ్మ) వద్ద మూడేళ్ళు హదీసు చదివారు. తండ్రి ఇచ్చిపోయిన 30,000 దిర్హములలో సగం అరబ్బీ వ్యాకరణానికి, కవిత్వానికి, సగం హదీసుకు, ఫిఖహ్‌కు ఖర్చు చేశానని ఆయన చెప్పుకొన్నట్టు ప్రసిద్ధి. వేరొక పాఠశాల విద్యను కూడా నేర్చి రావడం యువ ఆచార్యునికి ఎంత మేలు చేస్తుందో ఆయన గ్రంథాలే సాక్ష్యం. బగ్దాదులో ఆయన వద్ద చదివినవారిలో ఇమామ్ షాఫయీ (రహ్మ) ఒకరు.

ఆయన మరొక శిష్యుడు అసద్ బిన్ ఫురాత్. నేటి ట్యునీషియాలోని ఖైరవాన్ నుంచి వచ్చినవాడు. తాను పరదేశిననీ, చేతిలో డబ్బు తక్కువనీ, పగటి పాఠంలో గుంపు ఎక్కువనీ మొరపెట్టుకొన్నాడు. పగలు అందరితో కలిసి వినమనీ, రాత్రి తన ఇంటనే ఉండమనీ షైబానీ చెప్పారు. రాత్రిళ్ళు ఒంటరిగా పాఠం చెబుతూ పక్కన నీళ్ళ గిన్నె పెట్టుకొనేవారు. శిష్యుడు కునికితే గుప్పెడు నీళ్ళు ముఖాన చల్లి పాఠం కొనసాగించేవారు. డబ్బు అయిపోయినప్పుడు తానే ఇచ్చి ఆదుకొన్నారు. అసద్ ఆ విద్యను ఉత్తర ఆఫ్రికాకు తీసుకుపోయి, ఖైరవాన్ ఖాజీ అయ్యాడు.

మదరసాలు, ముఈద్ పదవి

హిజ్రీ ఐదవ శతాబ్దంలో ఈ పని వ్యక్తుల ఔదార్యం నుంచి వక్ఫ్ సంస్థల చేతికి వచ్చింది. సల్జూఖు మంత్రి నిజాముల్ ముల్క్ బగ్దాదులో హి. 459 (1067)లో నిజామియా మదరసాను ప్రారంభించాడు. ఇలాంటి మదరసాలలో ముదర్రిస్, అంటే ప్రధానాచార్యుని కింద ముఈద్ అనే పదవి ఉండేది. ఆచార్యుడు చెప్పిన పాఠాన్ని ముఈద్ విద్యార్థులకు మళ్ళీ చెప్పి, సందేహాలు తీర్చేవాడు. అతనికి వక్ఫ్ నుంచి జీతం ముట్టేది. చదువు ముగిసిన విద్యార్థి, పీఠమెక్కవలసిన ఆచార్యుడు – ఈ రెంటికీ మధ్య మెట్టు ఇది. బగ్దాదులోని ముస్తన్సిరియా మదరసా (హి. 631, క్రీ.శ. 1234)లో నాలుగు మజ్‌హబ్‌లకూ వేర్వేరు విభాగాలుండి, ఒక్కొక్క దానిలో 62 మంది విద్యార్థులకు ఒక ముదర్రిస్, నలుగురు ముఈద్‌లు ఉండేవారు. అంటే రేపటి ఆచార్యులు నలుగురు ఎల్లప్పుడూ తయారవుతూ ఉండేవారు.

నీషాపూరులో ఇమాముల్ హరమైన్ జువైనీ జీవితం మరొక పాఠం చెబుతుంది. తండ్రి మరణించినప్పుడు ఆయన వయసు 20 లోపు. పండితులు ఆయననే తండ్రి పీఠం మీద కూర్చోబెట్టారు. ఆయన తన పాఠం ముగియగానే మరొక మదరసాకు వెళ్ళి, తానే విద్యార్థిగా కూర్చొని ఉసూల్ చదివేవారు. బోధకుడైనంత మాత్రాన విద్యార్థి కాకుండా పోనక్కరలేదన్న విషయం నాటి సమాజానికి వింతగా తోచలేదు. ఆ జువైనీ చేతి కింద తయారైన గజాలీ (రహ్మ) హి. 484 (1091)లో, ముప్పయి మూడు, నాలుగేళ్ళ వయసులో, బగ్దాద్ నిజామియా పీఠమెక్కారు.

గొలుసు తెగిన కాలం

భారతదేశంలో ఈ గొలుసుకు ఆధారం కేవలం భక్తి కాదు, ఉద్యోగం కూడా. ఖాజీలు, ముఫ్తీలు న్యాయస్థానాలకు కావాలి గనుక ఫిఖహ్‌లో ఉన్నత విద్యకు విలువ ఉండేది. ఆంగ్లేయుల పాలనలో మొదట ఆ పదవులు ఉండేవి. హిదాయా గ్రంథం 1791లో ఆంగ్లంలోకి అనువాదమైన తరువాత న్యాయమూర్తులు క్రమంగా గ్రంథం మీదనే ఆధారపడసాగారు. 1864లో న్యాయస్థానాలలోని ముఫ్తీ పదవులు రద్దయ్యాయి. అప్పటి నుంచి మదరసాలో ఫిఖహ్ చదివినవానికి కోర్టు తెలియదు, కోర్టులో వాదించేవానికి ఫిఖహ్ తెలియదు అన్న స్థితి ఏర్పడింది.

దాని పర్యవసానం 1894లో స్పష్టంగా కనిపించింది. కుటుంబ సంతతి కోసం చేసి, చివరకు పేదలకు చెందేలా ఏర్పరచిన వక్ఫు చెల్లదని లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ ఒక బెంగాలు వ్యాజ్యంలో తీర్పిచ్చింది. కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి సయ్యద్ అమీర్ అలీ అంతకు ముందే ఇటువంటి వ్యాజ్యంలో ఫిఖహ్ ప్రమాణాలు చూపి అసమ్మతి తీర్పు రాసినా ఫలితం లేకపోయింది. షిబ్లీ నోమానీ వంటి విద్వాంసులు ఆందోళన చేసిన మీదట 1913లో వక్ఫ్ ధ్రువీకరణ చట్టం వచ్చింది. 19 సంవత్సరాల ఆ నష్టానికి ఒక ముఖ్య కారణం, రెండు శాస్త్రాలూ తెలిసిన ఆచార్యులు దేశంలో వేళ్ళ మీద లెక్కపెట్టదగినంత మందే ఉండడం.

హైదరాబాదులో జరిగిన ప్రయత్నం

తెగిన గొలుసును తిరిగి అతికే ప్రయత్నం తెలుగు గడ్డ మీద హైదరాబాదులో జరిగింది. మౌలానా అన్వారుల్లా ఫారూఖీ (మ. 1918) స్థాపించిన జామియా నిజామియా, 1888లో వెలసిన దాయిరతుల్ మఆరిఫ్ ప్రచురణ సంస్థ, 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం – ఈ మూడూ ఒకదానికొకటి తోడయ్యాయి.

జామియా నిజామియాకు కాందహార్ నుంచి ఒక యువకుడు చదువుకు వచ్చాడు. ఆయనే తరువాత మౌలానా అబుల్ వఫా అఫ్గానీ (మ. 1975)గా ప్రసిద్ధుడైన విద్వాంసుడు. చదివిన చోటనే బోధకుడై, ఇహ్యాఉల్ మఆరిఫిన్నోమానియా అనే సంస్థను నెలకొల్పారు. అబూ యూసుఫ్, షైబానీల మూలగ్రంథాల రాతప్రతులను దేశదేశాల గ్రంథాలయాల నుంచి తెప్పించి, సరిపోల్చి, అచ్చువేయించారు. కూఫాలో గురుశిష్యుల మధ్య జరిగిన చర్చలు నేడు ప్రపంచంలోని పరిశోధకులకు అందుబాటులో ఉండడానికి ఈ హైదరాబాదు బోధకుని కృషి ఒక కారణం.

అంతర్జాతీయ న్యాయంపై షైబానీ రచించిన సియరుల్ కబీర్ కథ ఇంకా ఆశ్చర్యకరం. దానికి వ్యాఖ్యానం చెప్పిన ఇమామ్ సరఖ్సీ, పాలకుని ఆగ్రహానికి గురై మధ్య ఆసియాలోని ఉజ్జంద్‌లో బావి వంటి చెరలో ఉండేవారు. శిష్యులు పైన అంచున కూర్చొని రాసుకొంటూ ఉండగా ఆయన లోపలి నుంచి పాఠం చెప్పేవారు. ఆ వ్యాఖ్యానాన్ని దాయిరతుల్ మఆరిఫ్ హి. 1335–36లో హైదరాబాదులో నాలుగు సంపుటాలుగా ముద్రించింది.

ఆ గ్రంథం అచ్చయిన ఊరిలోనే డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (1908–2002) పెరిగారు. జామియా నిజామియాలో సంప్రదాయ విద్య, ఉస్మానియాలో న్యాయశాస్త్రం – రెండూ చదివారు. ఉస్మానియాలో న్యాయశాస్త్రంతో సహా ఉన్నత విద్య అంతా ఉర్దూలో సాగేది. గ్రంథాల కొరత తీర్చడానికి అనువాద విభాగమొకటి పనిచేసేది. మౌలానా మనాజిర్ అహ్సన్ గీలానీ వంటి విద్వాంసులు అక్కడ ధర్మశాస్త్ర విభాగంలో బోధించారు. ఇస్లామీయ అంతర్జాతీయ న్యాయంపై హమీదుల్లా పరిశోధన ఆ వాతావరణంలోనే మొదలైంది. జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో ఒక డాక్టరేటు, 1935లో పారిస్‌లోని సార్బన్‌లో మరొక డాక్టరేటు పొంది, తిరిగి వచ్చి ఉస్మానియాలో బోధకులయ్యారు. ఆయన ప్రసిద్ధ ఆంగ్ల గ్రంథం ముస్లిం కాండక్ట్ ఆఫ్ స్టేట్ మొదట హైదరాబాదు త్రైమాసిక పత్రిక ఇస్లామిక్ కల్చర్‌లో 1940ల ఆరంభంలో వెలువడింది. యువ ఆచార్యునికి కావలసిన మదరసా, కళాశాల, గ్రంథాలయం, విదేశీ చదువు, రచనను అచ్చువేసే పత్రిక – అన్నీ ఒక్క నగరంలో సమకూడిన అరుదైన సన్నివేశం అది.

1948లో హైదరాబాదు రాజ్యం తరఫున ఐక్యరాజ్య సమితికి వెళ్ళిన ప్రతినిధి వర్గంలో హమీదుల్లా ఉన్నారు. ఆ సెప్టెంబరులో రాజ్యం భారతదేశంలో విలీనమయింది. ఆయన తిరిగి రాలేదు. పారిస్‌లో స్థిరపడి అర్ధ శతాబ్దం పాటు పరిశోధన సాగించారు. ఖురాన్‌ను, సియరుల్ కబీర్ వ్యాఖ్యానాన్ని ఫ్రెంచి భాషలోకి అనువదించారు. లోకానికి అది లాభమే. హైదరాబాదు మాత్రం ఒక తరం పాటు శ్రమించి తయారుచేసుకొన్న ఆచార్యుని 40 ఏళ్ళ వయసులోనే పోగొట్టుకొన్నది. ఉస్మానియా బోధన కూడా ఆ తరువాత క్రమంగా ఉర్దూ నుంచి ఆంగ్లానికి మారింది. ఒక్క విద్వాంసుని తయారుచేసి తృప్తిపడరాదన్నది, ముస్తన్సిరియాలో వలె ఒక పీఠానికి నలుగురు ఎదుగుతూ ఉండాలన్నది ఇందులోని గుణపాఠం.

నేటి న్యాయ కళాశాలలు

ఆధునిక న్యాయ విద్యలోనూ ఇదే సమస్య మరొక రూపంలో ఎదురయింది. న్యాయశాస్త్రం బోధించవలసినవాడు పేరున్న వకీలా, లేక జీవితమంతా శాస్త్రానికే అంకితమైన యువ విద్వాంసుడా? అమెరికాలోని హార్వర్డు న్యాయ కళాశాల అధిపతి లాంగ్‌డెల్ 1873లో, చదువు ముగించి ఏడాది అయిన జేమ్స్ బార్ ఏమ్స్‌ను సహాయాచార్యునిగా నియమించారు. ఏమ్స్‌కు వకీలుగా చెప్పుకోదగ్గ అనుభవమేదీ లేదు. పలువురు ఆక్షేపించారు. ఆ యువకుడే 1895లో ఆ కళాశాలకు అధిపతి అయ్యాడు. ప్రతిభను మొలకలోనే గుర్తించి నీరు పోసే పద్ధతి అక్కడ అప్పటి నుంచి వేళ్ళూనుకొన్నది.

భారతదేశంలో ఈ రంగంలో ముందు చెప్పుకోవలసినవారు డాక్టర్ ఎన్.ఆర్. మాధవ మీనన్ (1935–2019). ఆయన న్యాయశాస్త్రంలో ఉన్నత పట్టాలు పొందినది అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో. బెంగుళూరు జాతీయ న్యాయ విద్యాలయానికి తొలి అధిపతిగా ఆయన 1988లో ఐదేళ్ళ చదువు ప్రారంభించారు. పేదల వ్యాజ్యాలను విద్యార్థులు, అధ్యాపకులు కలిసి చేపట్టే న్యాయ సహాయ కేంద్రాన్ని పాఠంలో భాగం చేశారు. హైదరాబాదులో 1998లో నల్సార్, విశాఖపట్నంలో 2008లో మరొక జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఆ బాటలో వచ్చాయి. విశాఖ విద్యాలయానికి పేరు కర్నూలు దగ్గరి పెద్దపాడులో పేద దళిత కుటుంబంలో పుట్టి, మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్యది. మదరసాల వైపు నుంచి 1989లో ఇస్లామిక్ ఫిఖహ్ అకాడమీ, 2000లో హైదరాబాదులో అల్ మఅహదుల్ ఆలీ అల్ ఇస్లామీ ఏర్పడ్డాయి. మదరసా పట్టభద్రులకు ఫిఖహ్‌లో పై తర్ఫీదు ఇవ్వడం ఈ రెండవ సంస్థ ప్రత్యేకత.

అయినా యువ అధ్యాపకుని ముందు ఒక గోడ ఉన్నది. పూర్తికాలపు జీతం తీసుకొనే అధ్యాపకుడు వకాల్తా చేయరాదు. వకీలు మాత్రం, 1979 నాటి నిబంధనల ప్రకారం, రోజుకు 3 గంటలకు మించకుండా బోధించవచ్చు. కాబట్టి తెలివైన యువకుడు కోర్టు సంపాదన వదలి తరగతి గదికి రావాలంటే, అతని జీవనానికి, చదువుకు, కాలానికి ఎవరో ఒకరు పూచీపడవలసి ఉన్నది.

చేయదగినది

పై చరిత్ర నుంచి తేలే అంశాలు స్పష్టమైనవి. మొదటిది, గుర్తింపు. ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో వానలు ముఖం చాటేసిన ఏట కుటుంబాలు సుగ్గికి గుంటూరు మిరప చేలకు వలసపోతాయి. వెంట వెళ్ళిన పిల్లవాని చదువు ఆ నెలల్లో ఆగిపోతుంది. అబూ యూసుఫ్‌ను ఇంటివారు మానిపించిన స్థితికీ దీనికీ తేడా లేదు. నాడు ఒక గుడ్డల వర్తకుడు కారణం విచారించాడు. నేడు జమాఅత్ పెద్దలు, బడి పంతుళ్ళు ఆ విచారణ చేయాలి. ప్రతిభ గల బాలికల విషయంలోనూ ఇది అంతే అవసరం. వాటా కోసం వచ్చిన ఆడపిల్ల తన గోడు విప్పి చెప్పుకొనేది సాటి స్త్రీ అయిన వకీలు వద్దనే.

రెండవది, పోషణ. న్యాయశాస్త్రంలో పై పట్టా, ఆపై పరిశోధన ముగిసేసరికి విద్యార్థికి ముప్పయి ఏళ్ళు దగ్గరపడతాయి. ఒక ఏడాది ఫీజు కట్టి చేతులు దులుపుకొంటే చాలదు. పేద విద్యార్థికి జకాతు చెల్లుతుందని ఫుఖహాలు చెప్పారు. విద్యార్థి వేతనాల కోసమే వక్ఫ్ చేసే సంప్రదాయం నిజామియా నాటి నుంచి ఉన్నది. కర్నూలులో 1947లో డాక్టర్ అబ్దుల్ హక్ ఉస్మానియా కళాశాలను స్థాపించారు. విద్య కోసం ఊరు ఒక్కటై పనిచేస్తే ఏమవుతుందో చెప్పడానికి రాయలసీమ దూరంగా వెతకనక్కరలేదు.

మూడవది, రెండు శాస్త్రాల కలయిక. వేలూరుకో, ఉమరాబాదుకో, హైదరాబాదుకో మదరసా చదువుకు వెళ్ళిన యువకులలో ఒకరిద్దరైనా తరువాత న్యాయ కళాశాలలో చేరాలి. న్యాయ కళాశాలలోని ముస్లిం విద్యార్థి కొన్నేళ్ళు ఫిఖహ్ గురువు ముందు మోకాళ్ళు మడిచి కూర్చోవాలి. 1986, 2019లలో వచ్చిన విడాకుల చట్టాలు, 1995 వక్ఫ్ చట్టం, దానికి 2025లో జరిగిన విస్తృత సవరణ – వీటిని షరీఅత్ మూలాలతో పోల్చి తెలుగులో వివరించగల బోధకుల అవసరం మునుపటి కంటె ఎక్కువయింది.

నాలుగవది, ఓర్పు. కొత్తగా పాఠం చెప్పే యువకుని మీద గంటల కొద్దీ తరగతులు మోపి, తప్పు దొరికినప్పుడు నలుగురిలో నవ్వడం పెద్దరికం కాదు. తక్కువ పాఠాలు అప్పగించి, ఒక అనుభవజ్ఞుడు వెనుక వరుసలో కూర్చొని విని, తరువాత ఏకాంతంలో చర్చించాలి. రాసిన వ్యాసాన్ని అచ్చుకు ముందు చదివి సరిదిద్దాలి. గురువుతో విభేదిస్తే ఆధారం అడగాలి గాని, అవిధేయత అనరాదు. హమ్మాద్ తన శిష్యుని 60 సమాధానాలనూ ఓపికగా చదివి, 20 చోట్ల తప్పు చూపి, మళ్ళీ తన పక్కనే చోటిచ్చారు. నేడు కర్నూలులోనో, హైదరాబాదులోనో పీఠం మీద ఉన్న ప్రతి ఆచార్యునికీ ఆ ఓపిక ఉంటే, పదేళ్ళలో ఆలూరు కోర్టుకు కావలసిన వకీళ్ళను తయారుచేయగల బోధకులు తప్పక లభిస్తారు, ఇన్షా అల్లాహ్.